సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు: ఎక్కడ మొదలుపెట్టి చూడాలి

బండి మొరాయించగానే చాలామంది చేసే పని మళ్లీ సెల్ఫ్ కొట్టడం. అందుకోకపోతే ఇంకాసేపు కొట్టడం. శ్రీకాకుళంలో ఆమదాలవలస రోడ్డు మీదున్న మా షెడ్డుకి తాడు కట్టి లాక్కొచ్చే కార్లలో చాలావాటికి అసలు రోగం చిన్నదే. ఫ్యూజు పోయి ఉంటుంది, లేకపోతే ఎలక వైరు కొరికి ఉంటుంది. కానీ దారిలో అదేపనిగా సెల్ఫ్ కొట్టేసరికి బ్యాటరీ దిగిపోయి, ప్లగ్గులు పెట్రోల్లో తడిసిపోయి ఉన్నదానికి ఇంకో రెండు తోడవుతాయి. అప్పుడు మొదటిది ఏదో పట్టుకోవడానికి మాకు సగం రోజు పడుతుంది. ఆ కూలీ ఇచ్చుకోవాల్సింది మీరే.

అందుకే ఫోన్ చేసినవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే. సెల్ఫ్ ఆపండి. తాళం ఆన్‌లో పెట్టి, అక్కడే ఆగండి. ఏం తక్కువైందో బండి చాలావరకు ఆ మొదటి రెండు మూడు సెకన్లలోనే చెప్పేస్తుంది. వినేవాళ్లు ఉండాలి, అంతే.

ముందు ఒక తేడా చెప్తాను. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడొచ్చి ఆగిపోయినా, టకటకా కొట్టుకున్నా అది బ్యాటరీదో, టెర్మినళ్లదో, సెల్ఫ్ మోటారుదో సమస్య. దాని దారి వేరు. ఇక్కడ చెప్పేది ఇంజిన్ తిరుగుతూనే ఉండి అందుకోని బండి గురించి.

ఆ తిరగడం ఎలా ఉందో కూడా వినాలి. మామూలుగా సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక లయ ఉంటుంది. ఒక్కో సిలిండర్ గాలిని నొక్కుతున్నప్పుడు కాస్త బరువెక్కి, దాటగానే తేలికపడుతుంది. ఆ లయ బాగా నెమ్మదించి, డాష్‌బోర్డు లైట్లు మసకబారుతుంటే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోండి. సెల్ఫ్ ఈడుస్తూనే ఉంటుంది గానీ, ఆ సమయంలో వోల్టేజీ సుమారు 9.6 కంటే కిందికి పడితే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అదే ఈసీఎం, సరిగ్గా పనిచేయదు. స్పార్కూ రాదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరూ తెరుచుకోదు. మీ దగ్గర మల్టీమీటర్ ఉంటే చూడండి: ఆగి ఉన్న బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.2 కంటే తక్కువుంటే నీరసపడినట్టు. పక్క బండి నుంచి జంపర్ కేబుళ్లు పెట్టి ఒక్కసారి చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది.

దానికి పూర్తిగా ఎదురు చప్పుడు ఇంకొకటుంది. లయ అనేదే లేకుండా, అడ్డేమీ లేని ఫ్యాన్ తిరిగినట్టు జుయ్‌మని తేలిగ్గా తిరగడం. అలా వినబడితే వెంటనే తాళం తీసేయండి. కింద తిరిగే ఇంజిన్‌తో పాటు పైన వాల్వుల్ని ఆడించే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు, లేదా ఆ పని చేసే చైను జారి ఉండొచ్చు. ఇంకా కొట్టారంటే కొన్ని ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకి తగిలి ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది. పాత మారుతి 800, ఆల్టో 800 సీసీ ఇంజిన్లకి బెల్టు ఉంటుంది, కె10 ఇంజిన్‌కి చైను. మీ బండిది ఏదో పుస్తకంలో చూసి పెట్టుకోండి. రూఢి చేసుకోవడానికి ఒక తేలిక పద్ధతుంది. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేసి, పక్కవాళ్లని ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమనండి. చాలా ఇంజిన్లలో వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టో రాకరో అక్కడ కనబడుతుంది. కింద ఇంజిన్ తిరుగుతూ పైన అది కదలకపోతే బెల్టో చైనో పోయినట్టే. షెడ్డుకి తీసుకెళ్లడం తప్ప మీరు చేయాల్సింది ఇంకేం లేదు.

తాళం ఆన్‌లో పెట్టి చూడాల్సినవి

లయ బాగుంది, బ్యాటరీ బాగుంది. ఇప్పుడు ఏసీ, పాటలు, ఫ్యాన్ అన్నీ కట్టేసి, అద్దాలు ఎత్తి, తాళం ఆన్‌లో పెట్టండి. సెల్ఫ్ కొట్టొద్దు.

పెట్రోలు బండైతే వెనక సీటు కింద నుంచి గుయ్‌మని సన్నగా రెండు మూడు సెకన్లు మోటారు చప్పుడొచ్చి ఆగిపోవాలి. అది ట్యాంకులోని పెట్రోలు పంపు. రోజూ బండి నడిపేవాళ్లకి కూడా ఆ చప్పుడు ఎలా ఉంటుందో తెలియదు, ఎందుకంటే ఆగకుండా తాళం ఒక్కసారే తిప్పేస్తారు. మీ బండి బాగున్నప్పుడే ఓసారి విని పెట్టుకోండి. చెడిపోయిన రోజున ఈ ఒక్క చప్పుడు మీ పని సగం తగ్గిస్తుంది.

చెవి పంపు మీద ఉండగానే కళ్లు డాష్‌బోర్డు మీద ఉండాలి. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు, అదే చెక్ ఇంజిన్ లైటు, ఈ స్థితిలో వెలగాలి. అది వెలిగిందని భయపడి ఫోన్ చేసేవాళ్లున్నారు. ఇంజిన్ ఆఫ్‌లో ఉండి తాళం ఆన్‌లో ఉన్నప్పుడు వెలగడమే సరి, వెలగకపోతేనే కంగారు. అసలు వెలగలేదంటే ఈసీఎంకి కరెంటు అందట్లేదు. మెయిన్ ఫ్యూజు, మెయిన్ రిలే (కరెంటుని కలిపే చిన్న స్విచ్చు డబ్బా), బ్యాటరీ దగ్గరి ఎర్తు వైరు చూడాలి. కళింగపట్నం, బారువ వైపు సముద్రం ఒడ్డున ఉండే బండ్లలో ఈ ఎర్తు దగ్గరే ఎక్కువ పట్టుకుంటాం. పైకి బోల్టు బిగుతుగానే కనబడుతుంది, విప్పి చూస్తే కింద పచ్చగా చిలుము. గీకి, శుభ్రం చేసి, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే సరిపోతుంది.

తాళం బొమ్మో, కారు మీద తాళం వేసిన బొమ్మో గబగబా కొట్టుకుంటుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టని తాళానికి బండి అందుకోకుండా ఆపే ఆ ఏర్పాటే ఇమ్మొబిలైజర్. కొన్ని బండ్లలో ఇది సెల్ఫ్‌నే ఆపేస్తుంది, కొన్నిటిలో సెల్ఫ్ తిరగనిచ్చి పెట్రోలు ఆపేస్తుంది. గుత్తిలోని మిగతా తాళాలు విడదీసి, ఈ తాళం ఒక్కటే పెట్టి చూడండి. ఇంట్లో రెండో తాళం ఉంటే తెప్పించండి. బటన్ స్టార్టు బండైతే రిమోటులో సెల్లు నీరసించి ఉండొచ్చు. రిమోటుని స్టార్టు బటన్‌కి ఆనించి నొక్కితే చాలా బండ్లు అందుకుంటాయి.

ఇంకొకటి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు. చాలా బండ్లలో అది సున్నా నుంచి కాస్త లేచి ఊగుతుంది. అస్సలు కదలకపోతే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది ఆ సెన్సారే. అది చెప్పకపోతే స్పార్కు, పెట్రోలు రెండూ ఆగిపోతాయి. మే నెల ఎండలో హైవే మీద ఎచ్చెర్ల, రణస్థలం మధ్య టీ కోసం ఆపిన బండ్లకి ఈ జబ్బు బాగా బయటపడుతుంది. విజయనగరం నుంచి అరసవల్లికి భక్తుల్ని తెచ్చే ఒక డ్రైవర్ ఫోన్ చేశాడు. "బాబూ, పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. టీ తాగొచ్చేసరికి అందుకోడం నేదు. గంట పోతే మళ్లీ దానికదే అందుకుంటాది. ఏటో ఓపాలి సూద్దూ." వేడిగా ఉన్నప్పుడు మొండికేసి, చల్లారితే అందుకునే బండికి ఆ సెన్సారు కారణం కావచ్చు, లేదా పంపు కావచ్చు. రెంటినీ విడదీసేది పంపు చప్పుడే. అతన్ని తాళం ఆన్‌లో పెట్టి వినమన్నాను, పంపు చక్కగా పలికింది. ముల్లు చూడమన్నాను, కదల్లేదు. షెడ్డుకి రాగానే ఆ సెన్సార్ మార్చాం. ఇంకేమీ ముట్టుకోలేదు.

పంపు పలకకపోతే

పంపు పలకకపోయినా, గరుకుగా పలికినా మొదట చూడాల్సింది ట్యాంకులో పెట్రోలు ఉందా అని. ముల్లు చెప్పేదాన్ని నమ్మకండి. ట్యాంకులో తేలే ఫ్లోటు ఇరుక్కుంటే ఖాళీ ట్యాంకు కూడా పావు వంతు చూపిస్తుంది. మూడు నాలుగు లీటర్లు పోయించి చూడండి. నిజంగా ఖాళీ అయినా పంపు పలుకుతుంది, కానీ ఎండిపోయిన పంపు చప్పుడు గరుకుగా ఉంటుంది.

తర్వాత ఫ్యూజు బాక్సు. మూత వెనక బొమ్మల్లో పంపు ఫ్యూజు ఎక్కడుందో రాసుంటుంది. తీసి వెలుతురులో పెట్టి చూడండి, లోపలి తీగ తెగి ఉంటే అదే అంకె ఉన్న కొత్తది వేయండి. వేయగానే మళ్లీ పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, వైరు ముక్క పెట్టడం చేయొద్దు. పెట్రోలు పంపు వైరింగు కాలితే ఏం జరుగుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యూజు బాగుంటే రిలే. దీన్ని పరీక్షించడానికి పైసా ఖర్చులేదు. అదే బాక్సులో హారన్ రిలేనో, మరొకటో పంపు రిలేతో ఒకేలా ఉంటుంది. పైన ముద్రించిన నంబరు, కాళ్ల అమరిక రెండూ ఒకటేనని చూసుకుని అటుదిటు మార్చండి. ఇప్పుడు పంపు పలికితే రోగం దొరికింది. పాత ఫోర్డ్, ఫియట్ బండ్లున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. గుద్దుకున్నప్పుడు పెట్రోలు ఆపేసే ఇనర్షియా స్విచ్ ఒకటుంటుంది. గోతిలో బలంగా పడ్డా అది ఎగిరిపోతుంది. దాని మీది బటన్ నొక్కితే చాలు.

ఇవన్నీ బాగున్నా పలక్కపోతే, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితోనో, చెప్పుతోనో మెల్లగా తట్టి చూడండి. బండి అందుకుందంటే పంపులో బ్రష్‌లు అరిగిపోయినట్టు. దాంతో ఇల్లు చేరొచ్చు, కానీ మర్నాడు పంపు మార్చాల్సిందే. మార్చే ముందు వెనక సీటు కింద పంపుకి వైర్లు కలిపే కప్లర్ విప్పి చూడమని మెకానిక్‌ని అడగండి. లోపలి పిన్నులు కాలి నల్లబడి ఉంటే కొత్త పంపు వేసినా వారంలో మళ్లీ ఆగుతుంది. ఈ పనంతా పెట్రోలు ఆవిరి దగ్గర. చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు, వెలుతురుకి ఫోన్ టార్చి చాలు.

పంపు పలుకుతోంది, అయినా అందుకోవట్లేదు

పంపు తిరిగినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు. మామూలు పెట్రోలు బండ్లలో ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం, అదే రైలు, దగ్గర సుమారు 3 బార్లు ఉండాలి, గేజీ పెడితే తెలుస్తుంది. గేజీ అందరి దగ్గరా ఉండదు. ప్లగ్గు అందరి దగ్గరా ఉంటుంది. నా మటుకు నాకు పెట్రోలు బండిలో ప్లగ్గుని మించిన సాక్షి లేదు.

అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్గు విప్పండి. కొసని వేలితో తాకి వాసన చూడండి. పొడిగా, వాసన లేకుండా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావట్లేదు. పెట్రోలుతో తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్కు రావట్లేదు, లేదా పెట్రోలు ఎక్కువై ముంచేసింది. ఈ ఒక్క పరీక్షతో మీరు వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి, పట్టు దొరికాకే స్పానర్. అల్యూమినియం హెడ్డులో మర చెడితే అది వేరే కథ.

తడిసిందనుకోండి. ఎక్కువసార్లు కారణం చాలా మామూలుది. చలికాలం పొద్దున్నే పోర్టికోలో నుంచి గేటు దాకా తీసి, ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తారు. గంట తర్వాత కొడితే అందుకోదు. దానికి మందు: యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కిపట్టి ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టడం. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే ఇంజెక్టర్లు ఆగిపోయి గాలి మాత్రమే లోపలికెళ్లి ప్లగ్గులు ఆరతాయి. ఒక నిమిషం ఆగి మళ్లీ ఒకసారి. పట్టు దొరకగానే కాలు తీసేయండి.

అలా కూడా అందుకోకపోతే స్పార్కు చూడాలి. పాత రోజుల్లో ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని బాడీకి దగ్గరగా పెట్టి చూసేవాళ్లు. ప్లగ్గులకి స్పార్కు కరెంటిచ్చే ఇప్పటి కాయిళ్ల నుంచి వచ్చేది వేల వోల్టులు. మనిషికీ ప్రమాదం, ఈసీఎం కూడా దెబ్బతినొచ్చు. స్పార్క్ టెస్టర్ వాడండి, అంతకుముందు పెట్రోలు రాకుండా పంపు రిలే తీసేయండి. ఇంకో మాట. నాలుగు సిలిండర్లకి నాలుగు కాయిళ్లున్న బండిలో ఒక కాయిలు పోతే బండి వణుకుతూ అందుకుంటుంది, పూర్తిగా ఆగిపోదు. అసలే అందుకోని బండికి "కాయిలు పోయింది, మార్చాలి" అని ఎవరైనా అంటే, నాలుగూ ఒకేసారి ఎలా పోయాయని అడగండి. అన్నిటికీ కలిపి కరెంటిచ్చే ఫ్యూజు, వైరు, క్రాంక్ సెన్సార్ చూశాకే కాయిళ్ల దగ్గరికి రావాలి.

పొడి ప్లగ్గు, పంపు చప్పుడు ఉంది అంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఇంజెక్టర్లకి కరెంటు లేకపోయి ఉండొచ్చు. మన జిల్లాలో ఈ రెండోదానికి ఎలకలు పెద్ద కారణం. వరికోతలు అయిపోయి కుప్పలు కళ్లాలకి చేరేసరికి పొలంలోని ఎలకలు ఇళ్ల వైపొస్తాయి. రాత్రి వేడి ఇంజిన్ వాటికి మంచి చోటు. నరసన్నపేట దగ్గర ఒక మాస్టారి వ్యాగన్ఆర్ చూశాను. బానెట్ ఎత్తగానే ఇంజిన్ కవరు మీద పొట్టు, వేరుశెనగ తొక్కలు. ఇంజెక్టర్ల మీదుగా పోయే వైరింగుకి చుట్టిన నల్ల టేపు అంగుళం మేర తొలిచి ఉంది. నాలుగు ఇంజెక్టర్లకీ కలిపి కరెంటు తెచ్చే వైరు ఒకటుంటుంది, అదే తెగింది. మిగతా నాలుగు వైర్లకి గాటు కూడా పడలేదు. మాస్టారు అప్పటికే ఇంకోచోట చూపించుకుని కొత్త పంపు వేయించుకుని వచ్చారు. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది, ప్లగ్గు విప్పి, టార్చి వేసి చూస్తే పోయేదానికి.

అలాంటి వైరుని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయొద్దు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కారిపోతుంది, ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది. టంకం వేసి, పైన వేడికి బిగుసుకునే స్లీవు తొడిగించండి. ఎలక పెట్రోలు పైపు కూడా కొరుకుతుంది. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే సెల్ఫ్ కొట్టడం కాదు, తాళం ఆన్‌లో కూడా పెట్టొద్దు.

పెట్రోలు పోయించుకుని రెండు మూడు కిలోమీటర్లు వెళ్లగానే ఆగిపోయిందా? నీళ్లు కలిసిన పెట్రోలు కావచ్చు, ముఖ్యంగా పెద్ద వానల తర్వాత. ఇప్పుడొచ్చే ఈ20 పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని లాక్కుంటుంది, నీరు మోతాదు మించితే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. మెకానిక్ చేత గాజు సీసాలోకి కొంచెం తీయించి అరగంట కదపకుండా ఉంచండి, రెండు పొరలు విడిగా కనబడతాయి. బిల్లు పారేయొద్దు. బంకులో డెన్సిటీ చూపించమనీ, ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయించమనీ అడిగే హక్కు మీకుంది.

డీజిల్ బండి

దీనికి స్పార్కు ప్లగ్గు గొడవ లేదు. సెల్ఫ్ కొడుతుండగా వెనక సైలెన్సర్ చూడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికెళ్తోంది, మండట్లేదు. పొగే లేకపోతే డీజిల్ వెళ్లట్లేదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక పోయించుకున్నా, ఫిల్టరు మార్చిన వెంటనే అయినా ఎయిర్ పట్టి ఉంటుంది. ఫిల్టరు దగ్గర చేతి పంపు ఉన్న బండ్లలో అది గట్టిపడేదాకా నొక్కితే ఎయిర్ పోతుంది. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మర ఉంటే కాస్త వదిలి చూడండి. మన దగ్గరి చలికి, చల్లటి ఇంజిన్‌ని లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు ఒక్కటే కారణమై బండి ఆగడం తక్కువ. కామన్ రైల్ ఇంజిన్లలో (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచేవి) ఇంజెక్టర్లకి పోయే ఇనప పైపులు మాత్రం విప్పొద్దు. ఇంజిన్ నడిచేటప్పుడు వాటిలో వెయ్యి బార్లు దాటే ప్రెషర్ ఉంటుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికెళ్తే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

వరద నీళ్లలో నుంచి వచ్చి ఆగిన బండి పెట్రోలుదైనా డీజిలుదైనా సెల్ఫ్ కొట్టనే కూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ తర్వాత నాగావళి, వంశధార పొంగినప్పుడల్లా ఇది చెప్తూనే ఉన్నాను. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి, తడిగా ఉంటే తాళం తీసి జేబులో వేసుకోండి. మామూలు బీమాలో ఇలా పోయిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా కట్టి ఉండాలి.

బండి ఆగిందంటే మన ఊళ్లల్లో నలుగురు పరుగున వచ్చి నెట్టడానికి చేయి వేస్తారు. మంచి మనసే, కానీ సెల్ఫ్ తిరుగుతున్న బండిని నెట్టి లాభం లేదు. ఇంజిన్‌ని తిప్పడమే నెట్టడం చేసే పని, అది సెల్ఫ్ ఎలాగూ చేస్తోంది. పైగా మండని పెట్రోలు సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. సెల్ఫ్ కూడా ఒక్కోసారి పది సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషమైనా మోటారు చల్లారనివ్వాలి.

ఈసీఎం రాసిపెట్టిన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టడానికి స్టీరింగ్ కింద సాకెట్టు ఈ పది పన్నెండేళ్లలో వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ ఉంది. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పి0340 క్యామ్ సెన్సార్, పి0230 పెట్రోలు పంపు సర్క్యూట్, పి0087 రైలు ప్రెషర్ తక్కువ. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు, దానికి పోయే వైరు, కప్లర్ కూడా. కోడ్ చూసి వెంటనే పార్టు మార్చే వాళ్లకి, ముందు వైరు చూశారా అని గట్టిగా అడగండి. మార్చిన పాత పార్టు చేతికి ఇమ్మనండి.

ఇవేవీ మీ వల్ల కాకపోతే మెకానిక్‌కి ఫోన్ చేసి "స్టార్ట్ అవ్వట్లేదు" అని ఊరుకోకండి. పంపు పలికిందా, చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా, తాళం బొమ్మ కొట్టుకుంటోందా, ముల్లు కదిలిందా, వేడి మీద ఆగిందా చల్లగా ఉన్నప్పుడా, ఆఖరిసారి పెట్రోలో డీజిలో ఎప్పుడు కొట్టించారో చెప్పండి. ఏ పార్టు పట్టుకుని రావాలో అతనికి తెలుస్తుంది. జాతీయ రహదారి మీదైతే పార్కింగ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ వేసి, బండిలో వాళ్లని రోడ్డుకి దూరంగా నిలబెట్టి, హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ఆటోమేటిక్ బండికి తాడు కట్టి లాగించొద్దు, గేరుబాక్సు పోతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించుకుని తీసుకెళ్లే బండినే పంపమనండి.